వైరు పోయింది, దాంతో బల్లా పోయింది

జిగ్సా అంటే సన్నటి బ్లేడు కిందికీ పైకీ ఆడుతూ చెక్క కోసే చేతి మిషన్. బ్యాటరీతో నడిచే కార్డ్‌లెస్ జిగ్సా వైరున్నదాని కంటే భద్రం అనే మాట మా వైపు బాగా నడుస్తోంది. అమ్మేవాడు అంటాడు, కొన్నవాడు అంటాడు, ఆఖరికి ఇల్లు కట్టించుకునే ఆసామి కూడా "బ్యాటరీదే గదా, షాకు కొట్టది, ఏం గాదు తియ్" అని మా పనివాళ్లకు ధైర్యం చెబుతాడు. షాకు కొట్టదన్నంతవరకు నిజం. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని మిగతా జాగ్రత్తలన్నీ గాలికొదిలేశాం. నన్నడిగితే, వైరు పోయాక జిగ్సాతో ప్రమాదం తగ్గలేదు, చోటు మారింది. గోడ దగ్గరుండే ప్రమాదం వచ్చి ఎడమ చేతి కింద కూర్చుంది.

నేనుండేది సిరొంచలో. గడ్చిరోలి జిల్లాకు చిట్టచివర, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట. అవతలి గట్టున కాళేశ్వరం. రాష్ట్రం మహారాష్ట్ర, ఆఫీసు కాగితం మరాఠీ, ఇంట్లోనూ బజార్లోనూ తెలుగు. మా నాయన వడ్రంగి. నేను తలుపులు, కిటికీలు, వంటింటి అల్మారాలు గుత్తకు పట్టి చేయిస్తాను. ఇటు ఆలాపల్లి, అహేరి, నది దాటితే చెన్నూరు, మహదేవ్‌పూర్, ఇదీ నా తిరుగుడు. టేకు దేశం మాది. 2023లో అయోధ్య గుడి తలుపుల కోసం టేకు వెళ్లింది మా పక్క బల్లార్షా డిపో నుంచే. ఆ గొప్ప మాకేమీ అంటలేదు గానీ, టేకు కోసే చేతులు మాత్రం ఈ వైపు ఇంటింటా ఉన్నాయి. ఇప్పుడు ఆ చేతుల్లో రంపం బదులు పసుపో ఆకుపచ్చో రంగు మిషన్లున్నాయి.

వైరున్న మిషన్‌తో ఒక కట్టుబాటు ఉండేది. ప్లగ్గు ఎక్కడుంటే పని అక్కడికి రావాల్సిందే. కడుతున్న ఇంట్లో కరెంటు ఒక్క మూలే ఉంటుంది. ఆ మూలలోనే బల్ల వేసేవాళ్లం, దాని మీదే లైటు వేలాడదీసేవాళ్లం, కొలిచి గీత గీసిన ప్రతి పలకా అక్కడికే మోసుకొచ్చేవాళ్లం. మోయడం ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. కానీ పలక బల్ల మీదికి వచ్చిందంటే దాన్ని ఆనించడానికి చోటు, బిగించడానికి అంచు, నిలబడటానికి నేల, చూడటానికి వెలుగు, నాలుగూ అడక్కుండానే దొరికేవి. ఇవేవీ భద్రత కోసమని ఎవరూ పెట్టలేదు. వైరు పొడుగు చాలక పెట్టాం.

బ్యాటరీ వచ్చాక పలక కదలడం మానేసింది, మిషనే దాని దగ్గరికి పోతోంది. మెట్ల మీద కూర్చుని మోకాలి మీద కోస్తున్నారు. నిచ్చెన రెండో మెట్టు మీద ఒంటి చేత్తో కోస్తున్నారు. చీకటి గదిలో గోడకు ఆనించిన తలుపును నిలబెట్టినట్టే నిలబెట్టి తాళం చోటు కోస్తున్నారు. ఒక పని అర నిమిషంలో అయిపోతుందంటే దానికోసం బల్ల వెయ్యమని చెప్పేవాడు చాదస్తుడిలా కనబడతాడు. ఆ చాదస్తుణ్ణి నేనే, ఒప్పుకుంటాను.

వైరును పొగుడుతున్నానని అనుకోవద్దు. దానితో పడ్డ పాట్లు నాకు బాగా తెలుసు. ప్లగ్గు లేని రెండు వైర్ల కొసలు ఒలిచి, సాకెట్టు కన్నాల్లో దూర్చి, జారిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చే పద్ధతి మా దగ్గర ఇంకా చావలేదు. వానాకాలం కొత్త ఇంటి నేల ఎప్పుడూ తడే. కరెంటు పోయినప్పుడు, స్విచ్చును నొక్కినట్టే పట్టి ఉంచే లాకు తియ్యడం మరిచిపోయి మిషన్‌ను పలక మీద వదిలేస్తే, కరెంటు రాగానే అది తనంతట తానే గంతులేసేది. ఇవన్నీ బ్యాటరీతో పోయాయి, మంచిదే. అందుకే నేను వెనక్కి పొమ్మనడం లేదు. పోయిన బల్లను వెనక్కి తెమ్మంటున్నాను.

ఈ మిషన్ పుట్టుక తెలిస్తే ప్రమాదం ఎక్కడుందో సులువుగా అర్థమవుతుంది. 1946లో స్విట్జర్లాండులో స్కింటిల్లా కంపెనీలో పనిచేసే ఆల్బర్ట్ కాఫ్‌మన్ అనే ఆయన భార్య కుట్టుమిషన్‌లో సూది తీసి దాని చోట రంపం బ్లేడు బిగించి చూశాడు. మరుసటి ఏడాదికే అది అమ్మకానికి వచ్చింది. తర్వాత ఆ కంపెనీ బాష్ చేతికి పోయింది. కుట్టుమిషన్ సూది కింద వేలు పెట్టకూడదని మన ఇళ్లలో నాలుగేళ్ల పిల్లకు కూడా తెలుసు. జిగ్సాలో సూది చోట ఉన్నది బ్లేడు, గుడ్డ చోట ఉన్నది పలక. పలక అడ్డం కాబట్టి కింద బ్లేడు కనబడదు. కనబడనిది లేదనుకుంటాం.

లెక్క చూడండి. మామూలు చెక్క బ్లేడు పళ్ల పొడవు 75 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. మనం ఎక్కువగా కోసేది 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్. బ్లేడు కిందికి దిగినప్పుడల్లా దాదాపు రెండంగుళాల దాకా పలక కింద బట్టబయలుగా ఆడుతుంటుంది. పూర్తి వేగంలో చాలా మిషన్లు నిమిషానికి 3000 సార్లు, అంటే సెకనుకు 50 సార్లు ఆడతాయి. చేతికి తగిలిందని మెదడుకు తెలిసి, మెదడు చెప్పి వేలు స్విచ్చు వదిలేలోపు ఆ బ్లేడు ఎన్నిసార్లు కిందికీ పైకీ పోతుందో మీరే వేసుకోండి. చెక్కను చీల్చే పళ్లకు మాంసం ఒక అడ్డే కాదు. గుండ్రటి రంపంలాగా ఇది ఎగిరి మీద పడదు, అందుకే దీన్ని పిల్లల మిషన్ అంటారు. నిజమే, ఇది మీదికి రాదు. మన చెయ్యే దాని దగ్గరికి పోతుంది.

ఎప్పుడు పోతుంది? కోత మొదట్లో పోదు, మధ్యలోనూ దాదాపు పోదు. చివరి రెండు మూడు అంగుళాల్లో పోతుంది. కోసిన ముక్క బరువుకు కిందికి వంగుతుంది, వంగితే అంచు చీలుతుంది, సన్మైక అంటించిన పలకైతే పెచ్చు లేస్తుంది. పనితనం ఉన్నవాడికి ఆ పెచ్చు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కాబట్టి ఎడమ చెయ్యి మిషన్‌ను వదిలి పలక కిందికి పోతుంది, పడిపోయే ముక్కను పట్టుకోవడానికి. సరిగ్గా అదే చోట బ్లేడు బయటికి వస్తుంది. నేను విన్న జిగ్సా దెబ్బలు చాలావరకు ఈ ఒక్క కదలికలోనే పుట్టాయి. అజాగ్రత్త అని తిట్టడం సులువు. అక్కడ జరిగింది మాత్రం పని చెడిపోకూడదన్న జాగ్రత్త, ముక్కకు ఆధారం లేక చెయ్యి ఆధారమైంది.

దీనికంటే ఘోరమైనది వంటింటి సింకు కోత. పలక అప్పటికే దిమ్మె మీద బిగించి ఉంటుంది. మధ్యలో పెద్ద చతురస్రం కోయాలి. కోత పూర్తయితే ఆ ముక్క ధభీమని కింద పడి పలకను చీల్చుకుపోతుంది. "అరేయ్, కిందికి పోయి పట్టుకోరా" అని మేస్త్రీ అంటాడు. హెల్పర్ కుర్రాడు, కొత్తగా పనిలోకి వచ్చినవాడు, దిమ్మె కింద దూరి రెండు అరచేతులూ పలకకు ఆనించి కూర్చుంటాడు. పైనున్నవాడికి కిందున్నవాడి చేతులు కనబడవు. కిందున్నవాడికి గీత కనబడదు. ఈ దృశ్యం నేను నదికి ఇటూ అటూ రెండు వైపులా చూశాను. మిషన్ పట్టినవాడి సంగతే అందరూ మాట్లాడతారు, దెబ్బ తగిలేది చాలాసార్లు మిషన్ పట్టనివాడికి.

దీనికి మందు చాలా చిన్నది. కోయబోయే ముక్క కంటే పొడవైన రెండు పట్టీ చెక్కలు తీసుకుని, కోత మొదలెట్టే ముందే పై నుంచి ముక్కకు అడ్డంగా పెట్టి, మధ్యలో ఒక్కో స్క్రూ ఆ ముక్కలోకే దించాలి. పట్టీల కొసలు రెండు పక్కలా పలక మీద ఆనుకుని ఉంటాయి. కోత పూర్తయినా ముక్క వేలాడుతుందే గానీ పడదు. మిషన్ దగ్గరికి వచ్చినప్పుడు పట్టీని కొంచెం తిప్పుకుంటే దారి వస్తుంది. పారేసే ముక్కకే స్క్రూ పడుతుంది కాబట్టి పలకకు మచ్చ ఉండదు. కింద ఎవరూ అక్కర్లేదు. మొదలుపెట్టడానికి మిషన్‌ను ముక్కు మీద వంచి పలకలోకి పొడిచేవాళ్లుంటారు, అది కూడా వద్దు. 10, 12 మిల్లీమీటర్ల డ్రిల్లు కన్నం నాలుగు మూలలా వేసుకుంటే బ్లేడు తిన్నగా దిగుతుంది, మూల తిప్పడం కూడా తేలిక.

ఇక బల్ల. పెద్ద బల్ల మోయమని నేననను. రెండు మడత స్టాండ్లు, వాటి మీద ఒక పాత ఫ్లష్ డోర్, పలకను దానికి బిగించే రెండు సికంజలు, అంటే క్లాంపులు. అంతే. ఇది మోటారు సైకిలు వెనక కట్టుకుని పోలేమంటే, ఆటోలో ప్లైవుడ్ వచ్చే రోజే దాన్నీ పంపాలి. సికంజ రెండు ఉండాలి, ఒకటి కాదు. ఒక్కటి పెడితే పలక దాని చుట్టూ తిరుగుతుంది, అప్పుడు మళ్లీ ఎడమ చెయ్యి రంగంలోకి వస్తుంది. ఫ్లష్ డోర్ మీద పలక కింద రెండు చెక్క ముక్కలు వేసి ఎత్తు పెడితే బ్లేడుకు ఖాళీ దొరుకుతుంది. ఒక్కోసారి డోరు కూడా కాస్త కోసుకుపోతుంది, పోనీ. అందుకే పాతది పెట్టమన్నది.

బల్ల తర్వాత రెండో మాట బ్యాటరీ. ప్లగ్గు పీకడంలో ఒక స్పష్టత ఉండేది. పీకిన వైరు నేల మీద పడి ఉంటే మిషన్ చచ్చిందని దూరం నుంచి చూసినా తెలిసేది. కార్డ్‌లెస్ మిషన్ బల్ల మీద ఉన్నా, సంచిలో ఉన్నా, పిల్లవాడి చేతిలో ఉన్నా ఎప్పుడూ బతికే ఉంటుంది. బ్లేడు మార్చేటప్పుడు బ్యాటరీ బయటికి తియ్యాలి. చేతిలో మిషన్ పట్టుకుని నిచ్చెన ఎక్కేటప్పుడు తియ్యాలి. టీ తాగడానికి పోయేటప్పుడు కూడా తియ్యాలని నేనంటాను. మా వాళ్లు నవ్వుతారు, అయినా తీస్తారు. కడుతున్న ఇంట్లో ఆసామి పిల్లలు ఎటు నుంచి వస్తారో తెలియదు, వచ్చిన ప్రతి పిల్లవాడూ ముందు నొక్కేది ఆ స్విచ్చునే. తిరిగి బ్యాటరీ పెట్టేముందు స్విచ్చు లాకు పడి ఉందేమో చూడాలి. మంచి మిషన్లు లాకు పడి ఉంటే మొదలుకావు, చౌక రకాల మీద ఆ నమ్మకం పెట్టుకోకూడదు.

చౌక రకాలంటే గుర్తొచ్చింది. డబ్బా మీద 48 వోల్టులు, 88 వోల్టులు అని అచ్చేసి అమ్ముతారు. లోపల విప్పి చూస్తే ఐదు సెల్లుల వరస. ఒక్కో లిథియం సెల్లు 3.6 వోల్టులు, ఐదు కలిపితే 18. నిండా చార్జి చేసినప్పుడు 20, 21 దాకా చూపిస్తుంది. డబ్బా మీద అబద్ధం రాసినవాడు, బ్యాటరీ అతిగా కాగకుండా ఆపాల్సిన లోపలి రక్షణ సర్క్యూట్ దగ్గర నిజాయితీగా ఉంటాడని నేనైతే అనుకోను.

మా ఎండల్లో ఇది ఊరికే వదిలేసే సంగతి కాదు. చంద్రపూర్ వైపు ఏప్రిల్, మే నెలల్లో 45 డిగ్రీలు దాటడం వార్త కూడా కాదు. పేరున్న కంపెనీల మాన్యువళ్లు చార్జింగుకు 40 డిగ్రీల దగ్గరే గీత గీస్తాయి. రేకుల షెడ్డులో మధ్యాహ్నం చార్జరు పెట్టి, వాడీవాడీ కాగిపోయిన బ్యాటరీని వెంటనే అందులో గుచ్చడమంటే ఆ గీత దాటడమే. వేసవిలో మేం రాత్రి చార్జి చేస్తాం, మనుషులు మెలకువగా ఉన్నంతసేపే. పగలు బండి డిక్కీలో బ్యాటరీ వదలం. మేకులూ స్క్రూలూ ఉన్న సంచిలో అసలు వెయ్యం. రెండు కొసల మధ్య ఒక మేకు అడ్డం పడితే షార్టు కావడానికి అది చాలు.

బ్లేడు దగ్గర మాత్రం నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మా వైపు తప్పంతా అక్కడే జరుగుతోంది. టేకులో సహజంగానే సిలికా ఉంటుంది, ఇసుకలో ఉండేదే. మా నాయన తరం వాళ్లు టేకు పని చేస్తే పూటపూటకూ రంపానికి ఆకురాయి పట్టేవాళ్లు. రంపం మొండిబారిందని చెయ్యే చెప్పేది, భుజం నొప్పే చెప్పేది. మోటారుకు భుజం నొప్పి లేదు. బ్లేడు పళ్లు అరిగిపోయినా అది ఆడుతూనే ఉంటుంది. కోత మెల్లబడుతుంది, కోసేవాడు నొక్కుతాడు. నొక్కితే బ్లేడు కాగుతుంది, చెక్క నల్లబడి మాడు వాసన వస్తుంది, బ్లేడు పక్కకు వంగి పైన గీత మీద, కింద గీత అవతల పోతుంది. ఇంకా నొక్కితే విరుగుతుంది. విరిగిన ముక్క ఎటు పోతుందో చెప్పలేం, అందుకే కంటి అద్దాలు. నొక్కాల్సి వస్తోందంటే బ్లేడు మార్చే సమయమైందని అర్థం. ఐదు బ్లేడ్ల ప్యాకెట్టు ఖరీదు ఒక పూట కూలికి మించదు. లక్షల పని పట్టి, ఒకే బ్లేడుతో వారం లాగించే మేస్త్రీలను చూశాను. ఆ పొదుపు నాకు ఎప్పటికీ అర్థం కాదు.

మామూలు బ్లేడు పళ్లు పైకి చూస్తుంటాయి. అది పైకి పోయేటప్పుడు కోస్తుంది, కోస్తూ పలకను మిషన్ అడుగు పట్టీకి లాక్కుంటుంది. అంటే మిషన్ తనంతట తానే పలకకు అతుక్కుంటుంది, పెచ్చు పై ముఖాన లేస్తుంది. అందుకే మంచి ముఖం కిందికి పెట్టి కోయమంటారు. సన్మైక మీద పెచ్చు లేవకూడదని పళ్లు కిందికి చూసే బ్లేడు, టీ101బీఆర్ లాంటిది, కొంటారు. మంచి బ్లేడే. కానీ అది పలకను కిందికి తోస్తూ మిషన్‌ను పైకి ఎగదోస్తుందని కొన్నవాళ్లకు ఎవరూ చెప్పరు. అలవాటైన తేలిక పట్టుతో దాన్ని నడిపితే మిషన్ పలక మీద చిందులేస్తుంది. అక్కడ గట్టిగా కిందికి అదిమి పట్టాలి, ముందుకు మాత్రం తొయ్యకూడదు. ఇదొక్కటి తెలియక మోకాలి మీద ఆ బ్లేడు వాడినవాడి గతి ఊహించుకోండి.

పక్కనుండే మీట సంగతి కూడా చెప్పాలి. 0 నుంచి 3 దాకా అంకెలుంటాయి. బ్లేడును ముందుకూ వెనక్కూ ఎంత ఊపాలో అది చెబుతుంది. 3 మీద పెడితే మెత్తటి చెక్కలో తిన్నని కోత పరుగెడుతుంది. వంపులకు, ఇనుముకు, సన్మైకకు 0. మా వాళ్లు కొన్న రోజు ఏ అంకె మీద ఉందో అదే అంకె మీద అమ్మేదాకా ఉంచుతారు. దేవుడి మందిరం తోరణం వంపును 3 మీద కోస్తే బ్లేడు తిరగదు, తిరగని బ్లేడును మనిషి తిప్పబోతాడు, మళ్లీ అదే కథ. వంపులకు సన్నటి బ్లేడు వేరే ఉంటుంది, అది వెయ్యాలి. పొట్టి బ్లేడుతో మందపు చెక్క కోయకూడదు. పైకి లేచినప్పుడు కూడా బ్లేడు కొస చెక్క కింద కొంచెం బయటే ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు కొస చెక్కలో గుచ్చుకుని మిషన్ ఎగురుతుంది. పాత ఇళ్లు కూల్చిన టేకు దూలాలు, దర్వాజలు మా దగ్గరికి బాగా వస్తాయి. వాటిలో తాతల నాటి మేకులు తలలు కూడా కనబడకుండా ఉంటాయి. ముందు ఒక అయస్కాంతం ముక్క దూలం పొడవునా తిప్పి చూడటం మంచిది.

జిగ్సా మీద ఇంత కోపమెందుకని అడుగుతారేమో. కోపం లేదు. మా వైపు దాని చోట ఇంకా రాజ్యం చేస్తున్నది నాలుగంగుళాల గ్రైండరు. ఇనుము అరగదీయడానికి చేసిన ఆ మిషన్‌కు గార్డు పీకేసి, పళ్ల చక్రం బిగించి ప్లైవుడ్ కోస్తారు. నిమిషానికి 11,000 చుట్ల దరిదాపుల్లో తిరిగే చక్రం చెక్కలో ఇరుక్కుంటే మొహం మీదికే వస్తుంది. దాన్ని మానిపించడానికి నాకు తెలిసిన మంచి దారి జిగ్సాయే. స్విచ్చుబోర్డు కన్నం కోయడానికి గ్రైండరు తీసేవాడి చేతిలో జిగ్సా పెట్టండి, నేనే ముందు దండం పెడతాను. పెట్టేటప్పుడు బల్లతో సహా పెట్టమని నా గోల. గోడకు బిగించి ఉన్న పలకలో కన్నం కోసేముందు వెనక కరెంటు వైరు ఉందేమో మెయిన్ ఆపి చూసుకోవాలి. బ్యాటరీ మిషన్ షాకు కొట్టదు గానీ, గోడలోని వైరుకు ఆ సంగతి తెలియదు.

పొట్టు గురించి చెబితే మా వాళ్లు అసలు వినరు. టేకు పొట్టు పడి మెడ దురద పెడితే "టేకు పడలేదు" అని కొబ్బరినూనె రాసుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద క్యాన్సర్ పరిశోధన చేసే సంస్థ చెక్క పొట్టును 1995లోనే మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది, ముక్కు లోపలి క్యాన్సరు అందులో ముఖ్యం. ఎన్95 మాస్కు కరోనా రోజుల్లో ప్రతి ఇంటికీ వచ్చింది, మా పని దగ్గరికి మాత్రం రాలేదు.

ఇప్పుడు నాతో వాదించేవాళ్ల మాట. మొదటిది వయసు మళ్లిన మేస్త్రీలది. "మేం కాలి బొటనవేలితో చెక్క తొక్కిపట్టి రంపం లాగినోళ్లం, మాకు జెప్తవా బిడ్డా" అంటారు. గౌరవంతోనే చెబుతాను. చేతి రంపం మన బలంతో నడుస్తుంది, మనం ఆగితే ఆగుతుంది, చర్మం తెగగానే చెయ్యి దానంతట అదే ఆగుతుంది. ఆ తొక్కిపట్టే విద్య ఆ రంపానికి సరిపోయింది. సెకనుకు 50 సార్లు ఆడే బ్లేడుకు ఆ విద్య పనికిరాదు.

రెండోది కుర్రవాళ్లది, ఇది బలమైన వాదన. "అన్నా, చదరపు అడుగు లెక్కన ఇస్తవు. బల్ల ఏసుడు, సికంజ బిగించుడు, బ్యాటరీ తీసుడు పెట్టుడు, గివాటికి పైసల్ ఎవలిస్తరు?" దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు, ఎందుకంటే వాడు చెప్పేది నిజం. భద్రతంతా కూలివాడి సొంత సమయంలో నుంచి కోసుకోవాలంటే వాడు కోసుకోడు. నేనైనా కోసుకోను. చట్టం ఏమైనా చేస్తుందా అంటే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచే చోట కనీసం 10 మంది ఉంటేనే ఫ్యాక్టరీ అంది, 2025లో దాని చోట అమల్లోకి వచ్చిన కొత్త కోడ్ 20 మంది ఉండాలంది. మా ముఠాల్లో నలుగురూ ఐదుగురే. 2025 దాకా నడిచిన 1923 నాటి పరిహార చట్టం వేళ్లకు వరసగా లెక్క కట్టింది. బొటనవేలు పూర్తిగా పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు, చూపుడు వేలికి 14, నడిమి వేలికి 12, ఉంగరపు వేలికో చిటికెన వేలికో 7. ఉలి పట్టేవాడికి ఎడమ చూపుడు వేలు పోతే పోయేది 14 శాతమేనా అని ఏ వడ్రంగినైనా అడగండి. ఆ 14 శాతమైనా కాగితం మీద ఉద్యోగం ఉన్నవాడికి, రోజు కూలికి వచ్చినవాడి పేరు ఏ కాగితం మీద ఉంటుంది?

పైగా మా ఊరు ఎక్కడుందో చూడండి. జిల్లా కేంద్రం గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు. ఆలాపల్లి దాకా రోడ్డు సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. వేలు అతికించే డాక్టరు కావాలంటే చాలామంది నది దాటి వరంగల్ వైపే చూస్తారు. అంత దూరం పోవాల్సిన చోట ఏం చెయ్యాలో ముందే తెలిసి ఉండాలి. తెగిన చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి గుండె కంటే ఎత్తులో పట్టాలి. ఊడిన ముక్కను తడి గుడ్డలో చుట్టి, నీళ్లు పోని ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఆ సంచిని ఐసు వేసిన నీళ్లలో పెట్టాలి. నేరుగా ఐసు మీద పెడితే కణాలు గడ్డకట్టి అతికించడానికి పనికిరాదు. పసుపు, కాఫీ పొడి అద్దడం వద్దు, అవి డాక్టరుకు అదనపు పని. ఈ నాలుగు ముక్కలు మరాఠీలోనూ తెలుగులోనూ రాసి మా షెడ్డు తలుపుకు అంటించాను. మరాఠీ ఎందుకంటే మా ముఠాలో ఒకరిద్దరు అహేరి వైపు నుంచి వస్తారు, వాళ్లకు తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు.

2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగం కూడా ఉంది. శిక్షణకు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 దాకా. మంచిదే. నాకు తెలిసిన కుర్రవాళ్లు కొందరు ఆ డబ్బు ఎప్పుడొస్తే అప్పుడు బ్యాటరీ మిషన్ కొనాలనే ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే, అందులో 2,000 రూపాయలు సికంజలకూ కంటి అద్దాలకూ మాస్కులకూ ముందే పక్కన పెట్టండి, మిగిలినదానితో మిషన్ చూడండి. మిషన్ ఒక రకం తగ్గినా పనవుతుంది. సికంజ లేకపోతే ఆ పని చెయ్యి చెయ్యాలి.

చదరపు అడుగు కుర్రవాడి ప్రశ్నకు నేను చేసినది ఇది. అంచనా కాగితంలో చెక్క, ప్లైవుడ్, సన్మైక, కూలి అని నాలుగు వరసలుండేవి. ఇప్పుడు ఐదో వరస రాస్తున్నాను, "బల్ల, బిగింపు, బ్లేడ్లు" అని. మొత్తం పెద్దదేమీ కాదు, అది నేరుగా పనివాళ్ల లెక్కలోకే పోతుంది. బ్లేడు మొండిబారిందని పారేసినవాణ్ణి ఎందుకు పారేశావని ఎవరూ అడగరు. కొందరు ఆసాములు ఆ వరస చూడగానే పెన్ను తీసి కొట్టేస్తారు, "ఇదేందయ్యా, బల్లకు కూడా కిరాయా?" అని. కొట్టేస్తే వాళ్ల ఇంట్లో జిగ్సా పని చెయ్యను. ముక్కలన్నీ మా షెడ్డులోనే కోసి పంపుతాను, ఆటో కిరాయి వాళ్లదే. ఆ కిరాయి ఐదో వరస కంటే ఎప్పుడూ ఎక్కువే అవుతుంది. లెక్క వేసి చూపిస్తే చాలామంది కొట్టేసిన వరసను మళ్లీ రాయమంటారు.